నిలువుగా దిగే జెట్ కింద ఇనుప జాలీ వేస్తే సరిపోతుందా?

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోయాయి కాబట్టి ముందు దాన్ని విడదీస్తాను. హారియర్, ఎఫ్-35బి లాంటి విమానాలు నిలువుగా దిగే చోట కాంక్రీటు బదులు ఇనుప గ్రేటింగ్ (జాలీ) వేసి, కింద గుంత తవ్వి, వేడి గ్యాస్‌ని డక్టుల్లోంచి పక్కకు పంపించే ప్లాట్‌ఫాం మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. మీ గైడ్ గారేమో "ఇంత తేలికైతే ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు కట్టలేదు" అన్నారు. మామూలు కాంక్రీటు ఎందుకు పగులుతుంది, ఓడ డెక్ ఎలా తట్టుకుంటుంది అన్నవి మిగిలిన రెండూ.

గైడ్ గారికి జవాబు: కట్టారండీ, 1960లోనే కట్టారు. అది పనిచేసింది కూడా. అయినా మామూలు వాడకంలోకి రాలేదు, ఎందుకు రాలేదన్నదే మీ రిపోర్టులో అసలు చాప్టర్ కావాలి.

నేను నేవీలో ఎయిర్ ఇంజినీరింగ్ సైడ్ పనిచేశాను. గోవాలోని నేవీ స్థావరం హన్సాలో, తర్వాత విమాన వాహక నౌక విరాట్ మీద, సీ హారియర్లతో. బయటికి వచ్చాక ఎయిర్‌ఫీల్డ్ పేవ్‌మెంట్ల పని చేశాను, అంటే విమానం వైపు నుంచీ చూశాను, నేల వైపు నుంచీ చూశాను. ఈ రెండు వైపుల వాళ్లూ ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోరు, మీకు దొరికిన పేపర్లలో సగం గందరగోళానికి అదే కారణం అనుకుంటాను.

ఇంగ్లండ్‌లో డన్స్‌ఫోల్డ్ అనే ఎయిర్‌ఫీల్డ్ ఉండేది. హారియర్‌కి తాత లాంటి హాకర్ పి.1127 అక్కడే 1960 అక్టోబర్ 21న మొదటిసారి తాళ్లతో కట్టి ఉండగా గాల్లోకి లేచింది. పైలట్ బిల్ బెడ్‌ఫోర్డ్, అప్పటికి కారు ప్రమాదంలో కాలు విరిగి కట్టుతో ఉన్నాడు. ఆ విమానం నిలబడింది మామూలు నేల మీద కాదు, మీరు గీసిన బొమ్మలో ఉన్నట్టే, కింద గుంత, పైన గ్రేటింగ్. నవంబర్ 19కల్లా తాళ్లు కూడా తీసేశారు. అప్పటి పెగాసస్ ఇంజన్ థ్రస్ట్‌కీ (అది నెట్టే బలానికీ) విమానం బరువుకీ మధ్య తేడా చాలా తక్కువ, అనవసరమైన సామానంతా పీకేసి బరువు తగ్గించుకుంటే గానీ లేవని పరిస్థితి. అలాంటప్పుడు నేల వల్ల థ్రస్ట్‌లో కొంచెం పోయినా పని అయిపోయినట్టే, అందుకని నేల అనేదే లేకుండా చేశారు. తర్వాత ఎఫ్-35బిని టెస్ట్ చేసిన హోవర్ పిట్లు (హోవర్ అంటే గాల్లో ఒకే చోట నిలబడటం) కూడా ఇదే ఐడియా. విమానాన్ని గ్రేటింగ్ మీద బిగించి, గ్యాస్ కిందికి పోయేలా చేసి, నేల ప్రభావం లేకుండా థ్రస్ట్ కొలుస్తారు. అంటే గ్రేటింగ్ ప్లాట్‌ఫాం ఉన్న చోటల్లా అది టెస్ట్ సామగ్రిగానే మిగిలింది, రోజూ దిగే చోటుగా కాలేదు.

ఇప్పుడు నేల మీద ఏం జరుగుతుందో చూడండి. ఇది అర్థం కాకుండా ప్లాట్‌ఫాం డిజైన్ చేయలేరు. చాలామంది వేడి ఒక్కటే సమస్య అనుకుంటారు. వేడి నేలకి సమస్య. విమానానికి అంతకంటే పెద్ద సమస్య ఆ గ్యాస్ నేలకి తగిలాక ఎటు పోతుందన్నది. పంపు ధార నేరుగా గచ్చు మీద పడితే నీళ్లు పల్చటి పొరగా అన్ని వైపులకీ పరిగెడతాయి కదా, జెట్ కూడా అంతే. అలా నేలని అంటుకుని పోయే పొర చుట్టూ ఉన్న గాలిని తనతో లాక్కుపోతుంది. విమానం కడుపు కింద గాలి తగ్గి ప్రెషర్ పడిపోతుంది, విమానాన్ని కిందికి లాగినట్టు ఉంటుంది. దీన్ని సక్‌డౌన్ అంటారు, సరిగ్గా చక్రాలు తగలబోయే ముందు ఇది ఎక్కువవుతుంది.

ఒకటి కంటే ఎక్కువ జెట్‌లుంటే ఇంకో వింత. హారియర్‌కి నాలుగు నాజిల్స్, అంటే జెట్ బయటికొచ్చే మూతులు. ముందు రెండింట్లోంచి ఫ్యాన్ గాలి వస్తుంది, అది వంద డిగ్రీలు దాటి ఉంటుంది అంతే. వెనక రెండింట్లోంచి అసలు వేడి గ్యాస్, 600 డిగ్రీల పైమాటే. ఈ నాలుగు పొరలూ మధ్యలో ఎదురెదురుగా గుద్దుకుని పైకి లేస్తాయి, దాన్నే ఫౌంటెన్ అంటారు. అది కడుపుకి తగిలి విమానాన్ని పైకి నెడుతుంది. మంచిదే కదా అనిపిస్తుంది, తర్వాతి హారియర్లలో, ముఖ్యంగా ఏవీ-8బిలో, ఈ ఫౌంటెన్‌ని పట్టుకోవడానికి కడుపు కింద రెండు పక్కలా అంచులు, ముందు భాగంలో మడిచే అడ్డుపలక పెట్టారు, పోయిన లిఫ్ట్‌లో కొంత అలా వెనక్కి తెచ్చుకున్నారు. కానీ ఆ ఫౌంటెన్ గ్యాస్ అక్కడితో ఆగదు. కడుపు వెంబడి ముందుకు పాకి, ఇంజన్ గాలి పీల్చే ఇన్‌టేక్ దగ్గరికి చేరుతుంది.

ఇంజన్ తన పొగ తానే పీల్చడం మొదలైతే కథ మారిపోతుంది. లోపలికి పోయే గాలి పది డిగ్రీలు పెరిగితే వందల కిలోల థ్రస్ట్ పోతుంది. ఇంకా ఘోరం ఏంటంటే, ఒక పక్క ఇన్‌టేక్‌కి వేడి గాలి, ఇంకో పక్క చల్లగాలి వెళ్తే కంప్రెసర్ (ఇంజన్‌లోకి వచ్చే గాలిని నొక్కే భాగం) స్టాల్ అయిపోవచ్చు, అంటే గాలి ప్రవాహం చెదిరి ఇంజన్ బలం పడిపోవచ్చు, అప్పుడు హోవర్‌లో ఉన్న విమానాన్ని రెక్కలు కాపాడలేవు. ఎఫ్-35 కాంట్రాక్టు కోసం రెండు నమూనాలు పోటీపడ్డాయి: బోయింగ్ ఎక్స్-32బికి ఈ వేడి గ్యాస్ తలనొప్పి బాగా పట్టుకుంది, లాక్‌హీడ్ ఎక్స్-35బిలో ముందు లిఫ్ట్ ఫ్యాన్ చల్లగాలి ఒక తెరలా అడ్డుపడి ఇన్‌టేక్‌ని కాపాడింది. ఆ పోటీలో లాక్‌హీడ్ గెలవడానికి చాలా కారణాలున్నాయి గానీ, నా లెక్కలో ఇది పై వరసలో ఉంటుంది.

మన ఎండల్లో ఇది ఇంకా తెలిసొచ్చేది. హారియర్‌లో నీళ్ల ట్యాంక్ ఒకటుంటుంది, 500 పౌండ్ల నీళ్లు, అంటే 227 కిలోలు. దిగేటప్పుడు అవి ఇంజన్‌లోకి చిమ్ముతూ టర్బైన్‌ని చల్లబరిస్తే కొంచెం ఎక్కువ థ్రస్ట్ లాగొచ్చు, దాదాపు 90 సెకన్లు వస్తుంది అంతే. ఆ నీళ్లు మామూలు కుళాయి నీళ్లు కాదు, లవణాలు తీసేసినవి. మే నెలలో గోవాలో ఆ నీళ్లు నింపే పని ఎవరికి పడితే వాళ్లని అందరూ ఆటపట్టించేవాళ్లు, ఎందుకంటే అంత శ్రమపడి నింపింది నిమిషంన్నరలో ఆవిరి.

సరే, ఈ లెక్కన మీ గ్రేటింగ్ ఏం చేస్తుంది? గ్యాస్ నేలకి తగలకుండా కిందికి పోతే పక్కలకి పరిగెత్తే పొర ఉండదు, సక్‌డౌన్ బాగా తగ్గుతుంది, ఫౌంటెన్ ఉండదు, ఇన్‌టేక్‌కి వేడి రాదు, చుట్టూ నిలబడ్డ మనుషుల మీదికి రాళ్లూ వేడిగాలీ రావు. కాగితం మీద అన్నీ లాభాలే, అందుకే దీని మీద పేటెంట్లు అన్ని ఉన్నాయి.

చిక్కు ఎక్కడంటే, విమానం చుక్క పెట్టిన చోట దిగదు. పైలట్ హోవర్‌లో కొంచెం అటూ ఇటూ జరుగుతూనే ఉంటాడు, గాలి నెడుతుంది, ఓడైతే డెక్ కూడా కదులుతుంది. గ్రేటింగ్ చిన్నదైతే ఒక దశలో రెండు నాజిల్స్ గ్రేటింగ్ మీద, రెండు గట్టి నేల మీద ఉంటాయి. అప్పుడు ఒక పక్క సక్‌డౌన్, ఇంకో పక్క లేదు. ఒక పక్క సగం ఫౌంటెన్. విమానం ఒరుగుతుంది, సరిచేయడానికి పైలట్ రెక్కల చివర్ల రియాక్షన్ జెట్లు వాడతాడు, వాటికి గాలి ఇంజన్ నుంచే లాగాలి కాబట్టి థ్రస్ట్ మళ్లీ కొంచెం తగ్గుతుంది. ఇదంతా నేలకి మూడు నాలుగు మీటర్ల ఎత్తులో. చదునైన గట్టి నేల మీద దిగితే నష్టం ఎక్కువే కానీ ఎంత పోతుందో ముందే తెలుసు, రెండు పక్కలా సమానంగా పోతుంది. నన్నడిగితే, హోవర్‌లో ఉన్న మనిషికి ముందే తెలిసిన నష్టమే నయం, ఎప్పుడు వస్తుందో తెలియని లాభం కంటే. మీ గైడ్ గారి ప్రశ్నకి నా జవాబు ముఖ్యంగా ఇదే.

దీనికి విరుగుడు గ్రేటింగ్‌ని చాలా పెద్దది చేయడం. చేస్తే కింద గుంత కూడా అంత పెద్దది కావాలి, లోతు చాలకపోతే గ్యాస్ అడుక్కి తగిలి మళ్లీ జాలీలోంచే పైకి వస్తుంది, అదీ మీరు అనుకోని చోట. అడుగున వాలు పలకలు గానీ వంపు తిరిగిన రేకులు గానీ పెట్టి మళ్లించాలి. ఇనుప కడ్డీలు ఒక పక్క పది పదిహేను టన్నుల విమానం చక్రాల బరువు మోయాలి, ఇంకో పక్క ఎర్రటి వేడిలో నిలబడాలి. వేడెక్కిన ఇనుముకి బలం తగ్గుతుంది, పైగా చక్రాలు తగిలేది సరిగ్గా అది బాగా వేడెక్కి ఉన్న క్షణంలోనే. ఇవి కాక రోజువారీ గోల ఉంది: గుంతలో వాన నీళ్లు, కారిన ఇంధనం, దాని ఆవిరి, చెత్త, పావురాలు. మూసిన గుంతలో కిరోసిన్ ఆవిరి చేరి ఉండగా పైనుంచి 600 డిగ్రీల గ్యాస్ వస్తే ఏమవుతుందో సేఫ్టీ చాప్టర్‌లో రాయడం మర్చిపోకండి. ఓడ మీద అయితే అసలు కుదరదు, డెక్ కింద హ్యాంగర్, మనుషులు, ఆయుధాలు.

నీళ్లు చల్లితే పోదా అని మీ ఫ్రెండ్ రాశారు. 2023 ఏప్రిల్ 20న స్టార్‌షిప్ మొదటి ప్రయోగంలో లాంచ్ ప్యాడ్ కాంక్రీటు ఎగిరిపోవడం, తర్వాత వాళ్లు నీళ్లు చిమ్మే స్టీల్ ప్లేట్ పెట్టడం చూసి అని ఉంటారు. రాకెట్‌కి ఇన్‌టేక్ లేదు, అది గాలి పీల్చదు. మన విమానం పీలుస్తుంది. నీళ్లు ఆవిరై ఆ ఆవిరి ఇంజన్‌లోకి పోతే కంప్రెసర్‌కి మళ్లీ అదే స్టాల్ గొడవ. దిగాక, ఇంజన్ ఆపాక నేల చల్లబరచడానికైతే నీళ్లు మంచిదే.

ఇక కాంక్రీటు. మామూలు కాంక్రీటు పగలడానికి కారణం ఒకటి కాదు. మొదట, రంధ్రాల్లో ఎప్పుడూ కొంత నీరుంటుంది, పైపొర ఒక్కసారిగా వేడెక్కితే అది ఆవిరై బయటికి దారి దొరక్క పొరని ఎగదన్నుతుంది. రెండు, కాంక్రీటులోంచి వేడి చాలా నిదానంగా పోతుంది, పై కొన్ని మిల్లీమీటర్లు మండుతుంటే దాని కింద చల్లగానే ఉంటుంది, పైపొర వ్యాకోచిస్తానంటుంది, కిందిది వదలదు. మూడు, కంకరలో క్వార్ట్‌జ్ ఉంటే 573 డిగ్రీల దగ్గర దాని స్ఫటిక నిర్మాణం మారి ఉబ్బుతుంది. 400 దాటాక సిమెంట్ ముద్దలో సున్నం కూడా విడిపోవడం మొదలవుతుంది. ఇవన్నీ కలిసి పైన చిప్పలు చిప్పలుగా లేస్తుంది. ఆ చిప్పలు జెట్ ధాటికి ఎగిరి ఎక్కడికెళ్తాయి? ఫౌంటెన్‌లో పడి ఇన్‌టేక్‌లోకి. అందుకే పేవ్‌మెంట్ వాళ్లకి అది చిన్న రిపేరు, విమానం వాళ్లకి ఇంజన్ మార్పిడి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎఫ్/ఏ-18 లాంటి మామూలు విమానాల ఏపీయూ (నేల మీద ఉన్నప్పుడు పవర్ ఇచ్చే చిన్న ఇంజన్) ఎగ్జాస్ట్ కింద కూడా కాంక్రీటు దెబ్బతింది. అక్కడ వేడి హోవర్ జెట్ అంత లేదు. కారిన నూనె, వేడి, సిమెంట్‌లోని సున్నం మూడూ కలిసి రసాయనికంగా పైపొరని తినేశాయి. మీ టెస్ట్‌లో శుభ్రమైన కాంక్రీటు దిమ్మ పెట్టి వేడి చేసి "బాగానే ఉంది" అని రాస్తే ఎగ్జామినర్ ఈ ప్రశ్న అడగొచ్చు.

ఎఫ్-35బికి ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే హారియర్‌లో వేడి రెండు నాజిల్స్‌లో పంచబడింది, ఇందులో వెనక ఒకే పెద్ద నాజిల్ నుంచి దాదాపు 8 టన్నుల థ్రస్ట్ ఒకే చోట పడుతుంది. ముందు లిఫ్ట్ ఫ్యాన్ నుంచి ఇంకో 9 టన్నుల దాకా వస్తుంది గానీ అది చల్లటి గాలి. 2010లో అమెరికా నేవీ నిర్మాణ విభాగం తన డాక్యుమెంట్లలో ఎగ్జాస్ట్ 1700 ఫారెన్‌హీట్, అంటే 927 సెల్సియస్ దాకా ఉంటుందనీ, మామూలు ఎయిర్‌ఫీల్డ్ కాంక్రీటు మొదటి ల్యాండింగ్‌లోనే చిట్లే అవకాశం సగానికి సగం అనీ రాసింది. తయారీదారు మాత్రం హారియర్‌కీ దీనికీ అంత తేడా లేదని వాదించాడు. వాదన ఎవరు గెలిచారో పక్కన పెట్టండి, చివరికి కట్టింది ఏమిటో చూడండి: వేడి తట్టుకునే ప్రత్యేక కాంక్రీటుతో విడిగా ల్యాండింగ్ ప్యాడ్లు. బ్రిటన్‌లో ఆర్‌ఏఎఫ్ మార్హమ్‌లో అలాంటివి మూడు కట్టారు. ఒక్కటి కూడా జాలీ కాదు, అన్నీ చదునైన పలకలే.

ఓడ డెక్ కాంక్రీటు కాదు కాబట్టి చిట్లదు, కానీ వంగుతుంది. చిన్న లెక్క వేయండి. ఉక్కు పలక నాలుగు పక్కలా బిగించి ఉంది, మధ్యలో 100 డిగ్రీలు పెరిగింది. సాగడానికి చోటు లేదు కాబట్టి లోపల ఒత్తిడి పుడుతుంది, ఎలాస్టిసిటీ 200 గిగాపాస్కల్స్, వ్యాకోచ గుణకం డిగ్రీకి మిలియన్‌లో 12 వంతులు, గుణిస్తే 240 మెగాపాస్కల్స్. ఒక దిశలో పట్టి ఉంచితేనే ఇంత, రెండు దిశల్లో పడితే ఇంకా ఎక్కువ. ఓడ ఉక్కు యీల్డ్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) 355 మెగాపాస్కల్స్ దగ్గర అనుకుంటే, 150 డిగ్రీల తేడాకే పలక శాశ్వతంగా వంగడానికి సిద్ధం. ఒక్కసారికి కంటికి కనపడదు, మళ్లీ మళ్లీ దిగితే డెక్ అలలు తేలుతుంది. అమెరికా యుద్ధనౌక యూఎస్ఎస్ అమెరికా 2014లో నౌకాదళంలో చేరాక, ఎఫ్-35బి కోసమని 7, 9 నంబర్ ల్యాండింగ్ స్పాట్ల కింద అదనపు ఉక్కు దూలాలు వెల్డ్ చేయాల్సి వచ్చింది. ఆస్ప్రే అనే అమెరికన్ విమానం విషయంలోనూ ఇదే, దాని ఇంజన్లు నిలువుగా తిరిగి డెక్ మీదే ఊదుతూ నిమిషాల తరబడి నిలబడతాయి కాబట్టి, ఎగ్జాస్ట్ అంత వేడి కాకపోయినా డెక్‌కి పట్టే వేడి తక్కువేం కాదు. ఎంత వేడి అన్నదానితో పాటు ఎంతసేపు అన్నది కూడా లెక్కలోకి తీసుకోండి, మీ స్ప్రెడ్‌షీట్‌లో ఆ కాలమ్ లేదు.

డెక్ పైపూత సంగతి వేరే. మామూలు నాన్‌స్కిడ్ (జారకుండా వేసే పూత) అంటే ఎపాక్సీలో గరుకు రజను కలిపి రోలర్‌తో పూస్తారు. వేడికి ఎపాక్సీ మాడి, బిరుసెక్కి, పెచ్చులూడుతుంది. పొద్దున్నే డెక్ మీద అందరం భుజం భుజం కలిపి వరసగా వంగి నడిచేవాళ్లం, రాళ్లూ స్క్రూలూ ఏరడానికి, ఆ వాక్‌లో చేతికి ఎక్కువగా దొరికేది ఈ పెచ్చులే, ఒక పక్క బూడిద రంగు, తిప్పితే మాడిన గోధుమ రంగు. ఇప్పుడు బ్రిటిష్ విమాన వాహక నౌక క్వీన్ ఎలిజబెత్ డెక్ మీద, అమెరికన్ ఓడల ల్యాండింగ్ స్పాట్ల మీద లోహాన్ని కరిగించి స్ప్రే చేసే పూత వాడుతున్నారు. బ్రిటిష్ వాళ్లది అల్యూమినియం, టైటానియం కలిసినది.

సోవియట్ వాళ్ల దారి చూస్తే మనకీ ఒక చుట్టరికం తగులుతుంది. వాళ్ల నిలువు జెట్ యాక్-38లో మెయిన్ ఇంజన్ కాక రెండు లిఫ్ట్ ఇంజన్లు, అన్నీ టర్బోజెట్లే, చల్లటి ఫ్యాన్ గాలి అనేదే లేదు, అంతా వేడి. అందుకని కీవ్ తరగతి ఓడల డెక్ మీద వేడి తట్టుకునే పలకలు పరిచారు. ఆ తరగతిలో చివరి ఓడ బాకు, తర్వాత అడ్మిరల్ గోర్ష్‌కోవ్. దాని డెక్ మీదే 1991 అక్టోబర్ 5న ఇంకో నిలువు జెట్ యాక్-141 గట్టిగా దిగి, ట్యాంకు పగిలి, మంట లేచి, పైలట్ ఎజెక్ట్ అయ్యాడు. ఆ ఓడే ముందు భాగం కోసి స్కీ జంప్ పెట్టించుకుని 2013 నవంబర్‌లో మన విక్రమాదిత్య అయింది. ఇప్పుడు దాని మీద మిగ్-29కేలు తీగ పట్టుకుని దిగుతాయి, నిలువు జెట్ గొడవే లేదు.

మోసుకెళ్లే ప్లాట్‌ఫాంల గురించి కూడా రాయండి, మీ రిపోర్టులో అసలు లేదు. బ్రిటిష్ వాళ్లు జర్మనీ అడవుల్లో హారియర్ల కోసం అల్యూమినియం పలకల ప్యాడ్లు పరిచేవాళ్లు. బ్రిటన్, అర్జెంటీనాల ఫాక్‌లాండ్స్ యుద్ధంలో 1982 జూన్ 5కి శాన్ కార్లోస్ దగ్గర అలాంటి స్ట్రిప్ తయారైంది, దానికి వెళ్లాల్సిన సామానులో చాలా భాగం అంతకు ముందే అట్లాంటిక్ కన్వేయర్ ఓడతో పాటే నాశనమైంది కాబట్టి ఉన్నదాంతో సర్దుకున్నారు. జూన్ 8న ఒక హారియర్ పవర్ పోయి దాని మీదే పడింది. ఇంకో రోజు ఒక చినూక్ హెలికాప్టర్ గాలికి పలకలు లేచిపోయి, దిగడానికి వస్తున్న రెండు సీ హారియర్లు దారి మార్చి ఫియర్‌లెస్, ఇంట్రెపిడ్ ఓడల డెక్కుల మీద దిగాల్సి వచ్చింది. చూడండి, అక్కడ పలకల్ని ఓడించింది వేడి కాదు, కిందికి దూరిన గాలి. మీ గ్రేటింగ్ ప్యానెళ్ల బోల్టులు పైకి లాగే బలానికి లెక్క వేశారా? డ్రాయింగ్‌లో నాకు కనపడలేదు.

చివరికి అందరూ వచ్చిన దారి ఏంటంటే, జెట్‌ని ఒకే చోట నిలబెట్టకపోవడం. విరాట్ మీద సీ హారియర్ నిలువుగా లేచేది కాదు, పరిగెత్తి స్కీ జంప్ ఎక్కి పోయేది. దిగేటప్పుడు ఓడ పక్కన సముద్రం మీద హోవర్ చేసి, పక్కకి జరిగి డెక్ మీదికి వచ్చి, వెంటనే కిందికి దింపేసేవాడు పైలట్. డెక్ మీద జెట్ పడేది కొన్ని సెకన్లే. క్వీన్ ఎలిజబెత్ మీద 2018 అక్టోబర్‌లో ఎఫ్-35బి కొంచెం ముందుకి కదులుతూ దిగే పద్ధతి కూడా చేసి చూపించారు. అది ముఖ్యంగా ఎక్కువ బరువుతో వెనక్కి రావడానికి, అయినా వేడి ఒకే చోట పడకపోవడం దానితో వచ్చిన లాభం.

ఎలక్ట్రిక్ ఎయిర్ ట్యాక్సీలకి మీ ప్లాట్‌ఫాం పనికొస్తుందా అని అడిగారు. వాటికి వేడి గ్యాస్ లేదు, నేలని అంటుకుని పరిగెత్తే గాలి మాత్రం ఉంది, ప్రయాణికులు, సామాన్లు దాని దారిలోనే ఉంటారు. నిజం చెప్పాలంటే మీ గ్రేటింగ్‌కి భవిష్యత్తు ఉంటే అక్కడే, బిల్డింగ్ పైకప్పు మీద, ఎందుకంటే కడ్డీలు ఎర్రగా కాలే భయం లేదు, ఆ విమానాలు కంప్యూటర్ సాయంతో చిన్న చోట కచ్చితంగా దిగగలవు.

ప్రాజెక్టుకి నేనైతే ఇలా చేస్తాను. పూర్తి ప్లాట్‌ఫాం మోడల్ వదిలేయండి. ఒక బల్ల మీద రెండు చిన్న బ్లోయర్ నాజిల్స్, వాటి మధ్య విమానం కడుపులా ఒక పలక, పలక కింద నాలుగు మూలలా లోడ్ సెల్స్ (బలం కొలిచే సెన్సర్లు). కింద నేలని మూడు రకాలుగా మార్చండి: మొత్తం గట్టిది, మొత్తం గ్రేటింగ్, సగం సగం. ఎత్తు తగ్గిస్తూ రీడింగ్ తీసుకోండి. సగం సగం కేసులో ఎడమ కుడి తేడా ఎంత వచ్చిందో గ్రాఫ్ గీయండి. తర్వాత గ్రేటింగ్ అంచుని ఒక్కసారిగా ఆపకుండా, రంధ్రాలు క్రమంగా చిన్నవవుతూ గట్టి నేలలో కలిసిపోయేలా చేసి మళ్లీ అదే టెస్ట్ చేయండి. తేడా తగ్గితే మీకు చెప్పుకోవడానికి సొంత ఫలితం ఒకటి ఉంటుంది. లోడ్ సెల్స్ చౌకవి కొనకండి, వేడికి రీడింగ్ జరిగిపోతుంది. మీరు వాడేది చల్లగాలే అయినా బ్లోయర్ మోటార్ అరగంట నడిచాక గాలి వెచ్చబడుతుంది, కాబట్టి ప్రతి సెట్‌కి ముందు జీరో సరిచూసుకోండి.